పక్షుల లోకం: నల్లంచి వీపు

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు ప్రాంతం సున్నపురాతి నేల. రాళ్లూ, ముళ్లకంపలూ, పాత గోడలూ ఉండే ఇలాంటి చోట తోక నిక్కించి నేలమీద గెంతుతూ, పురుగులను ఏరుకుతినే చిన్న పక్షి ఒకటున్నది. అదే నల్లంచి. మగది నల్లగా ఉంటుంది. రెక్క మీద తెల్లమచ్చ, తోక కింద ఇటుకరంగు. ఆడదానికి తెల్లమచ్చ ఉండదు. ఒళ్లంతా బూడిద కలిసిన గోధుమరంగు.

ఈ పక్షి మన దేశంలో చాలా ప్రాంతాల్లో ఉన్నది. కాని అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. ఢిల్లీ వైపు మగ నల్లంచి వీపు గోధుమరంగు. తమిళనాడులో అదే వీపు నిగనిగలాడే నలుపు. మరి ఈ రెండూ ఒకే జాతి పక్షులా, వేరువేరు జాతులా?

వేరువేరనే పూర్వం అనుకున్నారు. నెల్లూరులో పనిచేసిన డాక్టరు జెర్డన్ 1860లలో అచ్చయిన తన పక్షుల గ్రంథంలో వాటిని రెండు జాతులుగానే రాశాడు.

అయితే ఉత్తరాన్నించి దక్షిణానికి వస్తూ చూస్తే ఏమవుతుంది? వీపు మీది గోధుమరంగు కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. గీత గీసినట్టు ఎక్కడా మారదు. విస్లర్, కిన్నియర్ అనే శాస్త్రజ్ఞులు దక్కను ప్రాంతపు నల్లంచికి 1932లో "ఇంటర్మీడియస్" అని పేరు పెట్టారు. నడిమిది అని దాని అర్థం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1931–32లో, సలీం అలీ హైదరాబాదు సంస్థానంలోని పక్షులను పరిశీలించాడు. మేళ్లచెరువు అప్పుడు ఆ సంస్థానంలోనిదే.

మన మాట సంగతి చూడండి. శ్రీకాకుళం యాస వేరు, పాలమూరు యాస వేరు. నడుమ ఏ ఊళ్లో మారిందో ఎవరూ చెప్పలేరు. అయినా అంతా తెలుగే. నల్లంచీ అంతే. జాతి ఒక్కటే, అందులో ఇప్పుడు అయిదు ఉపజాతులను లెక్కిస్తున్నారు.

ఇలాంటి పరిశీలనకు ప్రాణం ఏమిటో తెలుసా? పక్షి దొరికిన ఊరి పేరు! 1760లో బ్రిసన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నల్లంచిని వర్ణిస్తూ, అది ఫిలిప్పీన్స్ దీవుల పక్షి అని పొరపాటుగా రాశాడు. అక్కడ నల్లంచి లేనే లేదు! అది పుదుచ్చేరి పక్షి అని తరవాతివారు సరిదిద్దవలసి వచ్చింది. దక్షిణ అమెరికాలో మెడకు ఇటుకరంగు పట్టీ ఉండే పాటల పిచ్చుక ఒకటున్నది. దానికి ఇరవైకి పైగా ఉపజాతులు. చోటును బట్టి పాట కూడా మారుతుంది. దానికీ ఇదే గతి పట్టింది. ఆఫ్రికాలోని కేప్ నుంచి వచ్చిందనుకుని పెట్టిన పేరే దానికి ఇప్పటికీ ఉన్నది.

ఇంకొక తమాషా. తోటల్లో తెల్లవారుజామున పాడే నలుపు తెలుపుల పక్షిని మనవాళ్లు పెద్ద నల్లంచి అన్నారు. శాస్త్రజ్ఞులు మాత్రం చాలాకాలం ఈ రెంటినీ వేరువేరు ప్రజాతుల్లో ఉంచారు. 2010లో జన్యువులను పోల్చి చూశాక రెంటినీ ఒకే ప్రజాతిలో చేర్చారు. మన పెద్దలు పెట్టిన పేరులో ఆ చుట్టరికం ముందే ఉన్నది!

మీ ఊళ్లో మగ నల్లంచి కనబడితే వీపు చూడండి. నలుపా, గోధుమరంగా? తేదీ, ఊరి పేరు తప్పకుండా రాసిపెట్టండి. ఏ గోడ కంతలోనో దాని గూడు కనబడితే మాత్రం దూరంనుంచే చూడండి, చెయ్యి పెట్టకండి.