ఊరికే ఆడే ఆట

మా మావయ్యగారు చదరంగంలో ఓడిపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. గెలిచిన రోజు ఎవరికీ తెలియదు. గెలిస్తే మామూలుగా లేచి, కాళ్ళు కడుక్కుని, దీపాలవేళకి లోపలికి వచ్చేస్తారు. ఓడిపోతే మాత్రం వరండాలోంచి ఒకటే కేక.

“అమ్మాయ్, ఒక్కసారి ఇలా రా! మాష్టారు ఎంత చక్కగా ఇరికించాడో చూడు! నా మంత్రిని నేనే తీసుకెళ్ళి ఆయన గుర్రం నోట్లో పెట్టాను!”

పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే, వెళ్ళి ఆ దృశ్యం చూడాల్సిందే. పెళ్ళయిన కొత్తలో నాకు ఇది వింతగా ఉండేది. మా పుట్టింట్లో మగవాళ్ళు పేకాటలో ఓడిపోతే ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువయ్యేది, పిల్లల వీపులు వాచేవి. ఓడిపోయి నవ్వుకునే మగమనిషిని నేను మొదటిసారి చూసింది అత్తారింట్లోనే.

మావయ్యగారు కరెంటాఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యారు. కాలేజీ హాస్టల్లో నేర్చుకున్న ఆట, ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆదివారాలకే పరిమితం. రిటైరయ్యాక రోజూ నాలుగింటికి పక్కవీధి హెడ్మాష్టారుగారు వస్తారు, బోర్డు పరుస్తారు. ఆ పావుల పెట్టెలో ఒక నల్ల బంటు ఎప్పుడో పోయింది. దాని బదులు చింతపిక్క పెట్టుకున్నారు. కొత్త సెట్టు కొనిపెడతానని మావారు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోరు. ఆ చింతపిక్క ఎప్పుడైనా అవతలి చివరిదాకా వెళ్ళి మంత్రి అయిందనుకోండి, ఇద్దరు ముసలివాళ్ళూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టుకుంటారు.

వాళ్ళ రూల్సు వాళ్ళవి. ఒక్కో ఆటకి మూడుసార్లు ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు. కాఫీ వచ్చిన టైములో తీసుకుంటే అది లెక్కలోకి రాదు. ఒకసారి ఇద్దరికీ నెలరోజులు తగువైంది. రెండు గళ్ళు దూకిన బంటుని పక్కనున్న శత్రుబంటు, అది ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి చంపెయ్యొచ్చని హెడ్మాష్టారుగారు. దారిన పోయేవాణ్ణి చంపడం ఏ ధర్మశాస్త్రంలో ఉందని మావయ్యగారు. అప్పటికి ఏడేళ్ళున్న మా వాడు స్కూలు నుంచి వచ్చి, బూట్లు విప్పుకుంటూ, “అది ఎన్‌పాసాంట్ తాతయ్యా, నిజంగానే ఉంది” అని తీర్పు చెప్పాడు. అదిగో, మా ఇంట్లో కష్టం అక్కడ మొదలైంది.

మాది గుంటూరు. పెంటల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఇద్దరూ ఈ ఊరివాళ్ళే. గుడివాడ నుంచి వచ్చిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ళ వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. ఆ అమ్మాయి కోసం వాళ్ళ నాన్న అశోక్‌గారు ఉద్యోగమే వదిలేసుకున్నారు. ఇవన్నీ ఇక్కడి తల్లిదండ్రులకి నోటికొచ్చు. ఇలాంటి చోట ఏడేళ్ళ పిల్లాడి నోట ఎన్‌పాసాంట్ అన్న మాట వస్తే తండ్రి ఊరుకుంటాడా? వారం తిరక్కుండా మా వాణ్ణి కోచింగులో చేర్చారు.

కోచింగుని తప్పుపట్టడానికి రాయడం లేదు. వాడు బాగా నేర్చుకున్నాడు. శని ఆదివారాలు టోర్నమెంట్లు. కల్యాణమండపాల్లోనో కాలేజీ హాళ్ళలోనో లోపల పిల్లలు ఆడుతుంటే బయట మెట్ల మీద మేం తల్లులం పులిహోర డబ్బాలతో కూర్చునేవాళ్ళం. ఎవరి పిల్లాడు తలుపులోంచి ఎలాంటి మొహంతో వస్తాడా అని చూస్తూ కూర్చోవడమే మా పని. గెలిచినవాడు పరిగెత్తుకొస్తాడు. ఓడినవాడు నెమ్మదిగా, గోడ పట్టుకుని వస్తాడు.

పదేళ్ళు వచ్చేసరికి మా వాడికి 1452 రేటింగు. ఈ రేటింగు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. అమెరికాలో ఉండే అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారుచేసిన లెక్క ఇది. 1970 నుంచి ప్రపంచ చదరంగ సంఘం, అంటే ఫిడే, దీన్నే వాడుతోంది. సమానమైన ఇద్దరు ఆడినప్పుడు ఓడినవాడికి కొన్ని పాయింట్లు పోతాయి, గెలిచినవాడికి వస్తాయి. అయితే ఆ కొన్ని అనేది అందరికీ ఒకటి కాదు. కొంతకాలంగా ఆడుతున్న మామూలు పెద్దవాళ్ళకి గుణకం 20. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి, 2300 దాటనంతవరకు, 40. పిల్లలు త్వరగా ఎదుగుతారు, వాళ్ళతోపాటు అంకె కూడా త్వరగా కదలాలని అలా పెట్టారు. న్యాయంగానే ఉంది. కానీ తల్లిగా నాకు అది వేరేలా వినబడింది. తనకి సమానమైనవాడి చేతిలో ఓడితే యాభై ఏళ్ళాయనకి పది పాయింట్లు పోతాయి. అదే ఓటమికి పదేళ్ళవాడికి ఇరవై పోతాయి. ఓటమిని తట్టుకునే శక్తి ఎవరికి తక్కువో వాళ్ళకే బరువు రెట్టింపన్నమాట. పైగా 2024 మార్చి నుంచి రేటింగు 1400 కన్నా తగ్గితే జాబితాలోనే ఉండదు. అంతవరకూ సంపాదించిన అంకె మాయమైపోతుంది.

పోయిన సంవత్సరం ఒక టోర్నమెంటులో మా వాడు 1405 ఉన్న ఒక చిన్నపాప చేతిలో ఓడిపోయాడు. రెండు జడలు, చేతిలో నీళ్ళసీసా, బల్ల అందక కుర్చీ మీద మోకాళ్ళతో కూర్చుని ఆడిందట. బయటికి వచ్చి నన్ను చూడగానే వాడు ఏడవలేదు. “అమ్మా, ఇరవై రెండు పాయింట్ ఎనిమిది పోయాయి” అన్నాడు. నేను పులిహోర డబ్బా మూత తీస్తున్నదాన్ని అలాగే ఆగిపోయాను. పదేళ్ళ పిల్లాడు దెబ్బ తగిలితే ఎక్కడ తగిలిందో చెప్పాలి, దశాంశాలు చెప్పకూడదు.

కారులో మావారు, “ఏ మూవ్ దగ్గర పోయింది?” అని అడిగారు. జవాబు లేదు. రెండోసారి కొంచెం గట్టిగా అడిగారు. గుంటూరు వచ్చేదాకా వెనకసీట్లో నిశ్శబ్దం.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. సాయంత్రం మావయ్యగారు బోర్డు పరిచి, “రారా నాన్నా, నిన్న ఎలా ఓడిపోయావో నాకు చూపించు, నేనూ నేర్చుకుంటా” అన్నారు. ఆయనకి ఓటమి అంటే ఊరిస్తూ చెప్పుకోవాల్సిన కథ కదా! మా వాడు గుమ్మంలోనే నిలబడి, “నీతో ఆడితే నా గేమ్ పాడవుతుంది తాతయ్యా. సార్ ఆడొద్దన్నారు” అన్నాడు. పెడసరంగా అనలేదు పాపం, డాక్టరు చన్నీళ్ళు తాగొద్దన్నాడని చెప్పినట్టు చెప్పాడు.

మావయ్యగారు “నిజమేలేరా, నావన్నీ దొంగాటలు” అని నవ్వి పావులు పెట్టెలో సర్దేశారు. వారం పాటు ఆ పెట్టె తియ్యలేదు. హెడ్మాష్టారుగారికి కూడా అప్పుడే కంటికి శుక్లాల ఆపరేషనైంది. నాలుగింటికి వరండా ఖాళీ. నాకేమో ఆ కేక లేక ఇల్లు బోసిపోయినట్టుంది.

ఆ వారం మావారితో గట్టిగానే వాదన పెట్టుకున్నాను. ఆయనన్నదీ కొట్టిపారేసే మాట కాదు. “నాన్నలా ఆడితే జీవితమంతా నాన్నలాగే ఆడతాడు. అంత ఫీజు కట్టేది దానికా?” అన్నారు. నిజమే, ఫీజు కట్టినవాళ్ళం మనం. అందుకే ఓడిపోవడం మనం నేర్పలేం. పిల్లాడు ఓడితే మన మొహంలో ముందు కనిపించేది కట్టిన డబ్బే, ఎంత దాచుకున్నా. నువ్వు ఓడినా పర్వాలేదురా అని మనం నోటితో చెప్తాం, వాడు నమ్మడు. మావయ్యగారు ఆ మాట ఒక్కసారి కూడా చెప్పరు. ఓడిపోయి చూపిస్తారు. ఆ చదువు కోచింగ్ సెంటర్లో దొరకదు, దానికి మన వరండాలో ఊరికే ఆడే ఒక పెద్దాయన కావాలి. ఆ పెద్దాయన్ని ‘నీ ఆట చెడగొడతాడు’ అని పిల్లాడి నుంచి తప్పించడం అన్నిటికన్నా పెద్ద నష్టమని నా అభిప్రాయం.

హంపీలు, హారికలు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, నాకూ గర్వమే. హంపి 2017లో తల్లయ్యి, ఆట ఆపి, తిరిగి వచ్చి 2019లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో మళ్ళీ గెలిచింది. హారిక 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండుచూలాలిగా కూర్చుని ఆడింది. వాళ్ళని చూసి చప్పట్లు కొడదాం. కానీ సంగీతం నేర్చుకున్న ప్రతి పిల్లా కచేరీ చెయ్యాలా? ఇంట్లో బియ్యం ఏరుకుంటూ పాడుకునే గొంతుకి విలువ లేదా?

రెండు టోర్నమెంట్లు మానిపించాను. మావారు రెండ్రోజులు మాట్లాడలేదు.

ఖాళీగా ఉన్న ఆ కుర్చీలో ఒక మధ్యాహ్నం నేనే వెళ్ళి కూర్చున్నాను. “నాకు నేర్పండి మావయ్యగారూ” అన్నాను. ఏనుగు తిన్నగా, శకటు ఐమూలగా, గుర్రం రెండున్నర అడుగులు... నా వయసులో ఇవన్నీ బుర్రకెక్కడం మాటలా! మొదటి పదిరోజులూ ఆయన కళ్ళు మూసుకుని ఓడించారు. కానీ విచిత్రం, నాకు బాధేమీ లేదు. ఆ అరగంట నేను ఎవరికీ ఏమీ చెయ్యడం లేదు. ఎదురింటావిడ చూసి, “పిల్లాడికి నేర్పడానికా?” అని అడిగింది. “కాదండీ, ఊరికే” అన్నాను. ఆ మాట అనడానికి నోరు ఎంత మొరాయించిందో! ఆలోచించండి, మనం ఊరికే చేసే పని ఏదైనా ఉందా? నడక ఆరోగ్యానికి, కుట్లు అల్లికలు ఇంటికి, పూజ పిల్లాజెల్లా బాగుండాలని. మగవాళ్ళకి రిటైరయ్యాకైనా ఊరికే అన్న మాట దక్కుతుంది. మనకి రిటైర్‌మెంటే లేదాయె.

ప్రేమ్‌చంద్ కథతో సత్యజిత్ రే 1977లో తీసిన ‘షత్రంజ్ కే ఖిలాడీ’ చూశారా? లక్నో నవాబుల ఆటపిచ్చి భరించలేక ఒకాయన భార్య పావులు దాచేస్తుంది. వాళ్ళు కూరగాయలు పెట్టుకుని మళ్ళీ ఆడతారు. ఇదివరకు నా సానుభూతంతా ఆ భార్య మీదే. ఇప్పుడూ ఆమె మీదేగానీ, ఆమెని కూడా కూర్చోమని ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

మా వాడు మూడోరోజు నుంచి తలుపు వెనక నిలబడి చూడ్డం మొదలుపెట్టాడు. నా ఎత్తులు చూసి తల బాదుకునేవాడు. “అమ్మా! అదేం మూవ్! మేట్ అయిపోతుంది!” ఒకరోజు ఆపుకోలేక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ ఆటలో ఇద్దరం కలిసి ఓడిపోయాం. మావయ్యగారి చింతపిక్క మంత్రయింది. మా వాడు పగలబడి నవ్వాడు, ఎన్నాళ్ళకో. మళ్ళీ టోర్నమెంట్లకి పంపాలా వద్దా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. వాడు మాత్రం సంక్రాంతి సెలవుల్లో ఉన్నది ఆడతానంటున్నాడు.

మొన్న సాయంత్రం నేను శకటు మీద చెయ్యి వేశాను. వెనకనుంచి అత్తయ్యగారు, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండా, “అది కదిపావంటే వెనక రాజుకి చెక్కు” అన్నారు. మేం ముగ్గురం నోళ్ళు తెరిచి ఆవిడ వంక చూశాం. “నలభై ఏడేళ్ళుగా కాఫీలు పట్టుకుని ఇక్కడే నిలబడుతున్నాను, ఆ మాత్రం తెలియదా?” అన్నారు.

నిన్న ఆవిణ్ణి బలవంతాన కూర్చోబెట్టాను. నల్లపావులు కావాలన్నారు, చింతపిక్కతో సహా. చిక్కుళ్ళ పళ్ళెం నా చేతికి వచ్చింది. కాసేపయ్యాక వెళ్ళి కూర పోపు పెట్టనా, ఉల్లికారం వెయ్యనా అని అడిగాను.

“నీ ఇష్టం” అన్నారు, బోర్డు మీంచి చూపు తిప్పకుండా.