ఆ ఒక్క టిప్పూ చెప్పకండి

క్రూయిజ్ ఎలా బుక్ చేసుకోవాలో చెప్పేవాళ్ళకి కొరత లేదు. ఏ నెలలో చవక, ఏ డెక్ మీద గది తీసుకుంటే కడుపులో తిప్పదు, ఎక్కిన రోజు బఫేలో రద్దీ ఎప్పుడు తగ్గుతుంది, అన్నీ చెప్తారు. అవి చదివి నేనూ బాగుపడ్డాను. నా గొడవంతా ఒకే ఒక్క టిప్పుతో. నేను చదివిన లిస్టుల్లో చాలావాటి చివర అది ఉంటుంది. దాని సారాంశం ఇదీ: షిప్ ఎక్కిన రెండోరోజు గెస్ట్ సర్వీసెస్ డెస్క్ దగ్గరికి వెళ్ళి, మీ లెక్కలో రోజూ పడే గ్రాట్యుటీని తీసేయమనండి, కారణం అడగరు, నలుగురున్న కుటుంబానికి ఐదొందల డాలర్ల దాకా మిగులుతుంది.

ఈ టిప్పుని నేను పాటించాను కూడా. 2019లో స్నేహితులం ఆరుగురం ఫ్లారిడా నుంచి కరీబియన్ వెళ్ళాం. రెండోరోజు పొద్దున్నే డెస్క్ ముందు నిలబడ్డాను. నా ముందున్న ఇద్దరూ అదే పని మీద వచ్చారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన డబ్బుతో కోజుమెల్‌లో స్నార్కెలింగ్‌కి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గదిలో తువ్వాలుతో చేసిన ఏనుగు బొమ్మ మంచం మీద కూర్చోబెట్టి ఉంది. దాన్ని ఫోటో తీసుకున్నాను. చేసినవాడి పేరు ఇప్పుడు గుర్తులేదు.

పోయినేడాది జూన్‌లో అమ్మానాన్నలు సియాటిల్ వచ్చినప్పుడు అలాస్కా క్రూయిజ్ ప్లాన్ చేసింది నేనే. నాన్న కాకినాడలో ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టిన మనిషికి టికెట్ కొనిపెట్టడం చిన్న పని కాదు. ఎంత, ఎందుకంత, అందులో ఏమేం వస్తాయి అని అడుగుతారు. ఆ ప్రశ్నలకి జవాబులు వెతుక్కుంటూ నేర్చుకున్నవి ముందు చెప్తాను. అవి పనికొచ్చేవే.

అన్నిటికన్నా ముందు వీసా. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే షిప్పులు జూనో, స్కాగ్వే, కెచికన్ చూపించి, తిరుగుదారిలో కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతాయి. చాలాసార్లు చీకటిపడే వేళకి చేరతాయి, మూడు నాలుగు గంటల్లో బయల్దేరతాయి. ఆ వేళప్పుడు అక్కడ చూసేదేముంటుంది అనిపిస్తుంది. చూడ్డానికి కాదు ఆగేది. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది: విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని మధ్యలో వేరే దేశం తాకకుండా మళ్ళీ అమెరికా రేవుల మధ్యే తిప్పడానికి వీల్లేదు. అందుకని విక్టోరియా. మరి మన అమ్మానాన్నల దగ్గరుండేది భారతీయ పాస్‌పోర్టు, అమెరికా విజిటర్ వీసా. వాళ్ళకి కెనడా వీసా విడిగా కావాలి. షిప్ దిగం, గదిలోనే కూర్చుంటాం అంటే కుదరదు. అమెరికా వీసా కూడా ఒకసారికి మించి ప్రవేశం ఇచ్చేదై ఉండాలి, ఎందుకంటే తిరిగి సియాటిల్‌లో దిగడం కొత్తగా దేశంలోకి రావడమే. కాగితాల బాధ్యత ప్రయాణికుడిదేనని కాంట్రాక్టులో రాసి ఉంటుంది. రేవులో వెనక్కి పంపిస్తే డబ్బు రాదు. కాబట్టి గది రంగూ రూపూ చూసేముందు పాస్‌పోర్టులు చూడండి.

తర్వాత గది. సియాటిల్ నుంచి బయల్దేరిన షిప్పు వాంకూవర్ ద్వీపానికి బయటివైపు నుంచి, తెరిచిన సముద్రం మీదుగా పోతుంది. ఊగుతుంది. పెద్దవాళ్ళకి షిప్ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో గది తీసుకుంటే ఊపు తక్కువ. స్విమ్మింగ్ పూల్ కిందా, థియేటర్ పైనా వద్దు, నిద్రపట్టదు. మే, సెప్టెంబరు నెలల్లో ధర తగ్గుతుంది, చలి పెరుగుతుంది. పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు సాధారణంగా మూడు నెలల ముందు ఉంటుంది. ఆ లోపల ధర పడిపోతే అడిగి తగ్గించుకోవచ్చు, మీరు కట్టిన డిపాజిట్ షరతులు ఒప్పుకుంటేనే. షిప్పులో డాక్టర్ దగ్గరికి వెళ్తే బిల్లు మీ కార్డు మీద పడుతుంది. పెద్దవాళ్ళకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ సముద్రం మీద పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. వేరే ఊరి నుంచి విమానంలో వచ్చేవాళ్ళయితే ఒకరోజు ముందే దిగండి. షిప్ మీకోసం ఆగదు.

ఇక ధర. ఇక్కడే అసలు కథ. మొదట కనిపించే అంకె గదిలో ఇద్దరుంటే ఒక మనిషికి పడేది. ఒంటరివాళ్ళు చాలాచోట్ల దాదాపు రెండు టికెట్ల డబ్బు కట్టాలి. ఒకప్పుడు రేవు పన్నులు కూడా చివరి పేజీలో బయటపడేవి. 2024 జూలై నుంచి కాలిఫోర్నియాలో, తప్పించుకోలేని రుసుములన్నీ మొదట చూపే ధరలోనే కలపాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. దాంతో పెద్ద క్రూయిజ్ కంపెనీలు పన్నులూ రుసుములూ కలిపి చూపడం మొదలుపెట్టాయి. ఆకాశం విరిగి పడలేదు. కానీ ఒకటి మాత్రం బయటే ఉండిపోయింది: గ్రాట్యుటీ. మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల మధ్య. మాకు పడింది 17. నలుగురికి ఏడు రోజులకి 476 డాలర్లు. అది ‘ఐచ్ఛికం’ కదా, అందుకని ధరలోకి రాదు.

నాన్న షిప్ ఎక్కిన మొదటి రాత్రే ఫోన్‌లో మా లెక్క చూపించమన్నారు. ఈ వరస చూసి, ఇదేంటమ్మా అన్నారు. గది శుభ్రం చేసే అబ్బాయికి, భోజనం వడ్డించేవాళ్ళకి పంచుతారు నాన్నా అన్నాను.

“టికెట్ కొన్నాం కదమ్మా?”

“కొన్నాం.”

“మా బస్సులో నా జీతం టికెట్లోనే ఉండేది. ఇక్కడ వీళ్ళ జీతం టికెట్లో లేదా?”

నా దగ్గర జవాబు లేదు. తీసేయించుకోవచ్చట నాన్నా, చాలామంది తీసేయిస్తారు అని మాత్రం అన్నాను. 2019 సంగతి చెప్పలేదు. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున గది సర్దడానికి వచ్చిన ఇండోనేషియా కుర్రాడిని తనకొచ్చిన ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు అడిగారు. డ్యూటీ ఎన్ని గంటలు? పది, పదకొండు. వీక్లీ ఆఫ్ ఏ రోజు? ఆఫ్ లేదు సార్, కాంట్రాక్టు అయ్యేదాకా రోజూ పనే. కాంట్రాక్టు ఎంత? ఏడు నెలలు.

ఆ కుర్రాడు వెళ్ళాక నాన్న మంచం మీద కూర్చుని, “మేము డబుల్ డ్యూటీ చేసినా మర్నాడు ఆఫ్ ఇచ్చేవారు” అన్నారు.

మన దేశంలో బస్సు కార్మికులకి 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఉండేది. మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48, వారానికో రోజు సెలవు. అది ఎంత బాగా అమలైందో నాన్ననడిగితే వేరే వ్యాసమవుతుంది. కానీ కాగితం మీదన్నా గీత అక్కడుండేది. సముద్రం మీద గీత ఎక్కడుందో చూడండి. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మిక ఒప్పందం దేశాలకి రెండు దారులిచ్చింది. పనికి పైహద్దు పెట్టొచ్చు: రోజుకి 14 గంటలు, వారానికి 72. లేదా విశ్రాంతికి కిందిహద్దు పెట్టొచ్చు: రోజుకి 10 గంటలు, వారానికి 77. వారంలో 168 గంటలుంటాయి. 77 తీసేస్తే 91. అంటే ఆ రెండో దారిలో వారానికి 91 గంటలు పని చేయించినా అంతా సక్రమమే.

ఇప్పుడు విక్టోరియా దగ్గరికి మళ్ళీ రండి. ఫ్లారిడాలో ఆఫీసున్న కంపెనీ షిప్పుకి బహామాస్‌దో పనామాదో జెండా ఎందుకుంటుంది? పన్నులతో పాటు ఇంకో కారణం ఉంది. అమెరికా కనీస వేతన చట్టం, అమెరికాది కాని ఓడ మీద పనిచేసే నావికులకి వర్తించదు. ఏ జెండా మూలంగా మా అమ్మకి కెనడా వీసా కావాల్సి వచ్చిందో, ఆ జెండా మూలంగానే ఆ కుర్రాడి జీతంలో పెద్ద భాగం నా ‘ఇష్టం’ మీదికి వచ్చిపడింది. టిప్పులు చెప్పేవాళ్ళు మొదటిదాన్ని జాగ్రత్తగా వివరిస్తారు. రెండోదాన్ని డబ్బు మిగుల్చుకునే సందుగా చూపిస్తారు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒకప్పుడు నేనే చెప్పుకున్నవి.

మొదటిది: కంపెనీ జీతం ఇవ్వకుండా మనమీద రుద్దుతోంది, మనం కడితే ఆ పద్ధతిని పోషించినట్టే. వినడానికి పోరాటంలా ఉంటుంది. కానీ నేను 2019లో ఆ డబ్బు తీసేయించినప్పుడు కంపెనీకి పోయిందేమిటి? ఛార్జీ ముందే తీసుకుంది. మందు అమ్మింది, ఫోటోలు అమ్మింది, ఇంటర్నెట్ అమ్మింది. వాటిలో ఒక్కటీ నేను మానలేదు. నిరసన అనుకున్నదాని ఖర్చంతా కింది డెక్కులో కిటికీ లేని గదిలో పడుకునేవాళ్ళ మీద పడింది. మన నిరసనలో మనకి పైసా పోకుండా, తగువు పడ్డవాడికీ పోకుండా, మూడోవాడికే పోతుంటే అది నిరసన కాదు.

రెండోది: ఆ డబ్బు నిజంగా వాళ్ళకి చేరుతుందని నమ్మకమేంటి? పంపకం లెక్క ప్రయాణికుడికి కనిపించదన్నది నిజమే. అయితే కంపెనీని అడగండి, రాతపూర్వకంగా అడగండి. కవరులో పెట్టి చేతికిస్తాను అనేవాళ్ళు ఉన్నారు. గది సర్దే అబ్బాయికి ఇస్తారు సరే. మా అమ్మ అడిగిందని రోజూ రాత్రి పప్పూ అన్నం చేయించి తెచ్చినాయనకి? ఆ పప్పు వండినవాడికి? గిన్నెలు కడిగినవాడికి? వాళ్ళు మీకు కనబడరు, కవరు అక్కడిదాకా పోదు.

మూడోది, తెలుగువాళ్ళ నోట వింటే నాకు ఒళ్ళుమండేది: వాళ్ళ దేశంలో అయితే ఇంత కూడా రాదు కదా. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళ గురించి అక్కడి యజమానులు అనేది ఇదే కదా? హెచ్‌వన్‌బీ మీద పనిచేసేవాళ్ళు జీతం పెంచమంటే, ఇండియాలో నీకెంతొచ్చేది అన్న మాట ఎవరన్నా అంటే వారం రోజులు నిద్రపోం. ఆ మాటని సెలవుల్లో మాత్రం మనతో షిప్ ఎక్కించుకుంటాం.

టిప్పుని జీతం స్థానంలో పెట్టడం కొత్తదేం కాదు. అమెరికాలో అంతర్యుద్ధం తర్వాత పుల్మన్ రైలుపెట్టెల్లో పనిచేసిన నల్లజాతి పోర్టర్లకి అరకొర జీతమిచ్చి, మిగతాది ప్రయాణికుల దయకి వదిలేశారు. ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో వాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. కంపెనీతో ఒప్పందం కుదరడానికి 1937 దాకా పట్టింది. పన్నెండేళ్ళు వాళ్ళు కొట్లాడింది ఎక్కువ టిప్పుల కోసం కాదు, బతకడానికి సరిపడే జీతం కోసం, పని గంటలకి ఒక హద్దు కోసం. క్రూయిజుల్లోనూ ఇది తప్పనిసరి ఏమీ కాదు. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో రోజువారీ సర్వీసు ఛార్జీ తీసేసి ఆ ఖర్చుని టికెట్ ధరలో కలిపేసింది. ఆ కంపెనీ మునిగిపోలేదు. అంటే నాన్న అడిగింది అమాయకపు ప్రశ్న కాదు.

కాబట్టి బుక్ చేసేటప్పుడే ఇలా చేయండి. రెండు మూడు క్రూయిజులు పోల్చుకోవడానికి షీట్ వేసుకుంటారు కదా. అందులో గది ధర పక్కనే, మనుషులు ఇంటూ రోజులు ఇంటూ గ్రాట్యుటీ అని ఒక గడి పెట్టండి. ఆ మొత్తమే టికెట్ ధర. అది మీ బడ్జెట్ దాటితే రోజులు తగ్గించండి, బాల్కనీ వదిలి లోపలి గది తీసుకోండి, మే నెలకి మారండి, మందు ప్యాకేజీ మానండి. ఇవన్నీ మీరు వదులుకునేవి, ఎవరికీ చెప్పక్కర్లేదు. చాలా కంపెనీలు గ్రాట్యుటీని ముందే కట్టనిస్తాయి, కట్టేయండి. డెస్క్ ముందు నిలబడే ఆలోచనే రాదు. తిరిగొచ్చాక కంపెనీ పంపే సర్వేలో, ఈ డబ్బుని టికెట్లో కలపండి అని రాయండి. టిప్పుల లిస్టు రాసేవాళ్ళయితే ఆ చివరి టిప్పు కొట్టేయండి.

ఆఖరి రాత్రి 2019 సంగతి నాన్నకి చెప్పాను. ఎంత తీశావు అన్నారు. నా వాటా చెప్పాను. కాసేపాగి, బస్సులో చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసి ఇచ్చేవాళ్ళం, దిగేలోపు గుర్తుపెట్టుకుని అడిగేవాళ్ళు అన్నారు. ఆ ఏనుగు బొమ్మ చేసినాయన నన్ను అడగలేదు. అడిగే వీలు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు.