పెళ్ళికి ముందు పళ్ళ పంచాయితీ

కొంపల్లి దాటి మేడ్చల్ వైపు వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా ఫంక్షన్ హాళ్ళే. ముహూర్తాలున్న రోజుల్లో ఆ ట్రాఫిక్‌లో మేం ఇల్లు చేరేసరికి వండిన అన్నం చల్లారిపోతుంది. ఈమధ్య ఆ హాళ్ళ మధ్యలో డెంటల్ క్లినిక్‌ల బోర్డులు కూడా పెరిగాయి. పెళ్ళికూతురి నవ్వు, పక్కన పెద్ద అక్షరాలతో "పెళ్ళి ప్యాకేజీ". మేకప్, మెహందీ, ఫోటోషూట్‌ల వరసలో ఇప్పుడు పళ్ళు కూడా చేరాయన్నమాట. దీని మీద నాకో అభిప్రాయం ఉంది. మా ఇంట్లో ఆర్నెల్లు నలిగిన విషయం కాబట్టి కాస్త గట్టిగానే ఉంది.

పళ్ళు తెల్లగా చేయించుకోవడం తప్పని నేననను. నెలకోసారి జుట్టుకి రంగేసుకునే దాన్ని, ఆ మాట ఎలా అంటాను? కానీ పన్ను ఎందుకు రంగు మారిందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యడం తప్పు. అవతలివాళ్ళు అడిగారని చేయించడం ఇంకా పెద్ద తప్పు.

మా అక్కవాళ్ళది శామీర్‌పేట. అక్క బిడ్డకి ఇరవై మూడేళ్ళు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం. మొన్న వేసవిలో ఒక సంబంధం వచ్చింది. వాళ్ళు వచ్చారు, చూశారు, మిర్చి బజ్జీలు తిన్నారు, వెళ్ళారు. రెండు రోజుల తర్వాత మధ్యవర్తి ఫోన్: "పిల్ల మంచిగనే ఉంది గని, పండ్లే జర ఖరాబున్నయ్ అంటున్నరు. ఏమన్న చేపిస్తరా?" అబ్బాయి పళ్ళ సంగతి మావాళ్ళెవరూ అడగలేదు. అడగడానికి అతను నోరు తెరిచి నవ్వితే కదా!

అక్క ఏడుపు. పిల్లకేమో ఫోన్‌లో చూసిన చిట్కాలు. నిమ్మరసంలో వంటసోడా కలిపి వారం రోజులు రుద్దింది. ఎనిమిదో రోజు చల్లటి మజ్జిగ తాగబోతే పళ్ళు జివ్వుమన్నాయి.

ఈ నిమ్మకాయ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో సగంమంది దీన్ని నమ్ముతాం. నోట్లో ఆమ్లత్వం పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర, అంటే ఎనామెల్, కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ రెండుకి కాస్త అటూ ఇటూ. రాగి చెంబుకి చింతపండు రాస్తే ఎలా తళతళలాడుతుందో మనకి తెలుసు. పైన ఒక పొర పోయింది కాబట్టి ఆ మెరుపు. చెంబు మందంగా ఉంటుంది, ఫరవాలేదు. ఎనామెల్ ఒకసారి పోతే మళ్ళీ పుట్టదు, దాన్ని పుట్టించే కణాలు పన్ను బయటికొచ్చాక ఉండవు. పైగా ఎనామెల్ కింద ఉండే పొర రంగే పసుపు. అంటే తెల్లదనం కోసం రుద్దినకొద్దీ కొన్నాళ్ళకి పన్ను ఇంకా పసుపుగా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ మన పళ్ళు పసుపు తిరగడానికి ఒక కారణం ఇదే.

బొగ్గుపొడి కూడా అంతే. మా చిన్నప్పుడు కచ్చికల బూడిద, ఉప్పు, ఇటుకపొడి కూడా వాడేవాళ్ళు. ఇప్పుడు అదే బొగ్గు నల్ల పేస్టుగా ట్యూబులో వస్తే మూడింతల ధర పెట్టి కొంటున్నాం. పైపైన ఉన్న టీ మరక పోవచ్చు, దాంతోపాటు పన్నూ అరుగుతుంది. కొబ్బరినూనె పుక్కిలిస్తే పళ్ళు తెల్లబడవు, అరటితొక్క రుద్దినా తెల్లబడవు. వేపపుల్ల మంచిదే, మెత్తగా నమిలి వాడితే. అంట్లగిన్నె తోమినట్టు తోమితే చిగుళ్ళు పైకి జరుగుతాయి. ఇక తెల్లబరిచే టూత్‌పేస్టులు. కొన్ని మరకని రాపిడితో తీస్తాయి. కొన్నిటిలో నీలిరంగు ఉంటుంది, తెల్లబట్టలకి మనం ఉజాలా పెట్టినట్టు. పసుపు కనబడకుండా కాసేపు కంటిని మాయ చేస్తుంది, అంతే.

మా పిల్ల విషయానికొస్తే అసలు ఇవేవీ పనికిరావు. బావగారి ఉద్యోగం వల్ల పిల్లకి తొమ్మిదేళ్ళు వచ్చేదాకా వాళ్ళు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఉన్నారు. అక్కడి బోరునీళ్ళే తాగారు. ఎనిమిదేళ్ళ లోపు, చిగుళ్ళ లోపల పన్ను తయారయ్యే రోజుల్లో, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. సున్నం చారల్లా తెల్లమచ్చలు, ముదిరితే గోధుమరంగు మచ్చలు వస్తాయి. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. మన తెలుగు నేలలో ఈ జబ్బుని డాక్టర్లు గుర్తించి రాసింది ఇవాళా నిన్నా కాదు. 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేస్తే దానికి పేరే నల్లగొండ టెక్నిక్ అని పడింది. ఒక జిల్లా పేరు అలా ప్రపంచానికి తెలియడం గొప్పో బాధో నాకిప్పటికీ అర్థం కాదు. 2016 ఆగస్టులో మిషన్ భగీరథ మొదలైంది మా శామీర్‌పేట రోడ్డు మీదుగా వెళ్తే వచ్చే గజ్వేల్ దగ్గర, కోమటిబండలో. ఆ నీళ్ళు తాగి పెరిగే పిల్లలకి ఈ మచ్చలు తప్పితే అంతకన్నా కావలసిందేముంది? కానీ మా పిల్ల పళ్ళు అప్పటికే వచ్చేశాయి.

అంటే ఆ పిల్ల పళ్ళు తోముకోక అలా లేవు. ఇంత మాట ఆ మధ్యవర్తికి చెప్పే ఓపిక మావాళ్ళకి లేకపోయింది.

మొదట వెళ్ళిన క్లినిక్‌లో నోరు చూసిన ఐదు నిమిషాలకే పైవరస ఎనిమిది పళ్ళకి వెనీర్లు వేద్దామన్నారు. వెనీరంటే పన్ను ముందుభాగం సన్నగా అరగదీసి దాని మీద పింగాణీ రేకు అతికించడం. చాలావరకు ఒకసారి అరగదీశాక వెనక్కి పోవడం ఉండదు, జన్మంతా ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. కొన్నేళ్ళకి మార్పించుకోవాల్సి వస్తుంది కూడా. అక్క ఫోన్ చేసి, "చెల్లే, చిట్టీ ఎత్తుదామనుకుంటున్న" అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఒక్క పిప్పిపన్ను లేని నోరు. ఎత్తవద్దన్నాను.

మన వైపు ఒక సదుపాయం ఉంది, చాలామంది వాడుకోరు. సూరారంలో మల్లారెడ్డి డెంటల్ కాలేజీ, జవహర్‌నగర్ వైపు ఆర్మీ డెంటల్ కాలేజీ, సిటీలోకి వెళ్ళగలిగితే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ. ఏ కాలేజీ ఆసుపత్రిలోనైనా ప్రైవేటు క్లినిక్ కంటే చాలా తక్కువలో చూస్తారు. పిల్లలు నేర్చుకుంటూ చేస్తారు కాబట్టి టైము పడుతుంది, వెనక పెద్ద డాక్టర్లు ఉంటారు. మేం అలాంటి ఒక చోటికే తీసుకెళ్ళాం.

అక్కడ మొదట గార తీశారు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మా అక్కకి గట్టి నమ్మకం. గార పట్టుకుని ఉన్న పన్ను గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, తీస్తే సందులు తెలుస్తాయి, అంతే తేడా. చిగుళ్ళని పాడుచేసేది ఆ గారే. నిజానికి చాలామందికి పళ్ళు తెల్లగా కనబడటానికి ఇదొక్కటే చాలు.

తర్వాత గోధుమ మచ్చలు ఉన్న నాలుగు పళ్ళకి పైపైన మందుతో సన్నగా రుద్ది మచ్చ తగ్గించారు. ఆ పని కూడా ఆమ్లంతోనే, కానీ చిగుళ్ళకి అడ్డు కట్టి, పొర లెక్క తెలిసిన చేత్తో. మా పిల్ల నిమ్మకాయతో చేసినదానికీ దీనికీ అదే తేడా. మిగతాదానికి రెండు దారులు చెప్పారు. ఒకటి కుర్చీలోనే, 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గంటా గంటన్నరలో. రెండోది ఇంట్లో, మన పంటి అచ్చు తీసి చేసిన పల్చటి ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ పెట్టుకుని రాత్రిపూట రెండు మూడు వారాలు. ఈ 10 శాతంలో అసలు పెరాక్సైడ్ మూడున్నర శాతమే, కాబట్టి పళ్ళు జివ్వుమనడం తక్కువ. టైముంటే నా ఓటు రెండోదానికే. ఆన్‌లైన్‌లో అందరికీ ఒకే సైజులో వచ్చే ట్రేలు వద్దు, మందు కారి చిగుళ్ళు కాలతాయి.

ఎవరూ ముందు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఫ్లోరైడ్ మచ్చలున్నవాళ్ళకి మొదటి రోజుల్లో తెల్లమచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు, కాబట్టి క్యాపు వేయించుకునే ఆలోచన ఉంటే ముందు తెల్లబరచుకుని ఆ రంగుకి క్యాపు చేయించుకోవాలి. దెబ్బ తగిలి ఒక్క పన్ను నల్లబడితే దాని లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, దానికి వైద్యం వేరే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగాలి. యూరప్ దేశాల్లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వాడనివ్వరు, పెద్దవాళ్ళకైనా డెంటిస్టు ద్వారానే, అదీ ఆరు శాతం లోపే. మన దగ్గర ఇంటర్ పిల్లలు ఫోన్‌లో ఆర్డరు పెట్టేస్తున్నారు! ఇంకొకటి, తెల్లబరిచాక రెండు రోజులు చాయ్, పసుపు, రంగున్నదేదీ తినకూడదంటారు. పెళ్ళింట్లో పసుపు లేకుండా రెండు రోజులా? ముహూర్తానికి నెల ముందే ముగించుకోవాలి. ఆ తెలుపు కూడా శాశ్వతం కాదు, కొన్ని నెలలో ఒకటి రెండేళ్ళో.

బ్యూటీ పార్లర్లలో కూడా చేస్తామంటున్నారు. 1948 డెంటిస్టుల చట్టం ప్రకారం నోట్లో వైద్యం చేయాల్సింది రిజిస్టరైన డెంటిస్టే. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. పెళ్ళి కుదిరిన ఇరవై ఎనిమిదేళ్ళ అబ్బాయి నవ్వు బాగుచేయించుకుందామని క్లినిక్‌కి వెళ్ళి ఇంటికి రాలేదు. మత్తుమందు ఎక్కువైందని కుటుంబం ఆరోపించింది, పోలీసులు కేసు పెట్టారు. అది తెల్లబరచడం కాదు, అంతకన్నా పెద్ద చికిత్స. తెల్లబరచడానికి మామూలుగా మత్తు అక్కర్లేదు. అందుకే ఎవరైనా మత్తిస్తామంటే ఏం చేయబోతున్నారో, ఎందుకో అడిగి తీరాలి.

మా పిల్ల మచ్చలు తగ్గాక అద్దంలో చూసుకుని, "చిన్నమ్మా, ఇగ చాలు" అంది. ట్రే తీసుకోలేదు. ఆ సంబంధం కూడా వద్దంది. అక్క నెలరోజులు మాట్లాడలేదు, నాతో కూడా.

ఆ రోజు మాతో మా అత్తమ్మ కూడా ఆసుపత్రికి వచ్చింది, ఊరికే తోడుకి. ఆమెకి నలభై ఏళ్ళుగా నస్యం పొడితో చిగుళ్ళు రుద్దుకునే అలవాటు. పొగాకు కలిపిన పళ్ళపొడులు 1992 నుంచే మన దేశంలో నిషేధం, కానీ నస్యం డబ్బీ ఏ కిరాణాకొట్లోనైనా దొరుకుతుంది. ఎట్లాగూ వచ్చారు కదా అని అక్కడి అమ్మాయి ఆమె నోరు కూడా చూసింది. కిందిపెదవి లోపల, రోజూ పొడి పెట్టుకునే చోట, తెల్లటి మచ్చ. గీరినా పోదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సర్ కాదని వచ్చింది, కానీ అలవాటు మానకపోతే అటు తిరిగే ప్రమాదం ఉందని, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమని చెప్పారు. మా ఇంటిల్లిపాదీ ఆర్నెల్లు ఒక ఆడపిల్ల పళ్ళ పసుపు గురించి మాట్లాడుకున్నాం, ఈమె నోట్లోకి ఒక్కళ్ళం తొంగిచూడలేదు.

డబ్బీ నేను దాస్తున్నాను, ఆమె మళ్ళీ తెప్పించుకుంటోంది. రోజుకి నాలుగుసార్ల నుంచి ఒకటికి వచ్చింది. వచ్చే నెల పదో తారీఖున మళ్ళీ తీసుకెళ్ళాలి.