షుగర్ ఉందని దాచొద్దు, భూమి లేదని వదలొద్దు

నాగోల్‌లో మన సభ్యులు ఎవరని అడిగితే ఒక్క మాటలో చెప్పలేం. మూసీ పొంటి కౌలుకు మడులు పట్టి ఆకుకూరలు, పశువుల గడ్డి పెంచేవాళ్లు కొందరు. ఉన్న భూమి ప్లాట్లయ్యాక రెండు బర్రెలను పెట్టుకొని పాలు పోసుకునేవాళ్లు కొందరు. నల్లగొండ, యాదాద్రి జిల్లాల ఊళ్లలో రెండెకరాలు వదిలిపెట్టలేక, దాని మీద బతకలేక ఇక్కడికొచ్చి అపార్ట్‌మెంట్ కాపలా కాస్తూనో ఆటో నడుపుతూనో ఉన్నవాళ్లు ఇంకొందరు. నలభై ఐదేండ్లు దాటేసరికి వీళ్లలో చాలామంది జేబులో షుగర్ గోలీలో బీపీ గోలీలో ఉంటున్నాయి. ఆ గోలీలే ఇప్పుడు మన ఇండ్ల ముందు ఒక కొత్త సమస్యను తెచ్చి పెట్టాయి.

పోయినేడు మా సంఘం సభ్యుడైన ఒక కౌలు రైతు గుండెపోటుతో చనిపోయాడు. ఏడాదిన్నర కింద ఒక ప్రైవేటు కంపెనీలో 5 లక్షల జీవిత బీమా పాలసీ తీసుకున్నాడు. భార్య క్లెయిమ్ పెడితే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాలసీకి ముందు నుంచే షుగర్‌కు మందులు వాడుతున్నట్టు ఆసుపత్రి చీటీల్లో ఉందని, ఫారంలో మాత్రం ‘జబ్బులేమీ లేవు’ అని ఉందని, అందుకే సొమ్ము ఇవ్వలేమని అందులో రాశారు. కట్టిన ప్రీమియం మాత్రం వాపసు ఇస్తామన్నారు.

‘మా ఆయన దాచలే. ఏజెంటుకు చెప్పిండు. అది రాస్తే పాలసీ రాదు, నేను చూసుకుంటా అన్నడు’ అని ఆమె మాకు చెప్పింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. కింద తెలుగు సంతకం ఉంది. మధ్యలో టిక్కులు ఎవరు పెట్టారో చెప్పాల్సిన మనిషి లేడు.

ఇదే రైతు పేరు మీద పది గుంటల పట్టా ఉండి, రైతుబీమాలో పేరు ఎక్కి ఉంటే కథ వేరుగా ఉండేది. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో 5 లక్షలు వేస్తారు. పది రోజుల్లో ఇవ్వాలన్నది నియమం. ప్రీమియం ప్రభుత్వం కడుతుంది, ఎల్‌ఐసీ బీమా ఇస్తుంది. షుగర్ ఉందా, గుండె జబ్బు ఉందా, కిడ్నీలు బాగున్నాయా అని ఎవరూ అడగరు. రక్త పరీక్ష లేదు.

ఇది ఎల్‌ఐసీ దయ కాదు, లెక్క. ఒక్కొక్కరికి విడిగా బీమా ఇస్తే జబ్బున్నవాళ్లే ఎక్కువగా వస్తారని కంపెనీకి భయం. లక్షలమందిని ఒకేసారి చేర్చినప్పుడు ఆరోగ్యవంతులు, రోగులు, యువకులు, పెద్దలు అందరూ అందులో ఉంటారు. ఒకరి బరువును అందరూ మోస్తారు. మొదటి ఏడాది ఒక్కో రైతుకు ప్రభుత్వం కట్టింది 2,271 రూపాయల 50 పైసలే. జబ్బు ఉన్నవాళ్లకు బీమా ఇవ్వడం సాధ్యం కాదని చెప్పేవాళ్లకు మన రాష్ట్రంలోనే జవాబు ఉంది.

అయితే రైతుబీమా జబ్బును అడగదు గానీ భూమిని అడుగుతుంది. కౌలు రైతుకు లేదు. రైతు కూలీకి లేదు. మొగుడి పేరు మీద పట్టా ఉంటే నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పిండే ఆడమనిషికి లేదు. భూమి అమ్ముకున్నవాడికి లేదు. 59 దాటాక ఎవరికీ లేదు. రోగాలు ముసురుకునే వయసు, బీమా పోయే వయసు ఒక్కటే అయింది. వీళ్లంతా చివరికి ఏజెంటు సంచిలోని ఫారం దగ్గరికే పోవాలి. అక్కడ మొదటి ప్రశ్న జబ్బు గురించే.

అందుకే సభ్యులకు మేం చెప్పేది ఇది. జబ్బు ఉంటే దాచొద్దు. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరినీ కంపెనీలు తిప్పి పంపవు. ఎన్నేండ్ల నుంచి ఉంది, మూడు నెలల సగటు షుగర్ ఎంత, కిడ్నీలు, కండ్లు బాగున్నాయా అని చూస్తాయి. అదుపులో ఉంటే ఎక్కువ ప్రీమియంతో ఇస్తాయి. కొన్నిసార్లు ఆరు నెలలాగి రమ్మంటాయి, కొన్నిసార్లు కాదంటాయి. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడగవచ్చు. నిజం చెప్పి ఎక్కువ కట్టిన పాలసీ మన వెనుక ఇంటిని కాపాడుతుంది. అబద్ధం మీద తక్కువకు వచ్చిన పాలసీ మనం బతికున్నన్నాళ్లే మంచిగా కనబడుతుంది.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్‌ను 2015లో మార్చారు. పాలసీ మొదలై మూడేండ్లు నిండితే, జబ్బు దాచారన్న పేరుతో కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. మూడేండ్ల లోపు మాత్రం ప్రశ్నించవచ్చు. మోసం చేశారని కంపెనీ అంటే, చనిపోయిన మనిషి మోసం చేయలేదని బతికున్న కుటుంబమే రుజువు చేసుకోవాలి.

ఇందులో రైతుకు ప్రత్యేకంగా ఒక గుంత ఉంది. పంట పోయిన ఏడు ప్రీమియం కట్టలేక పాలసీ ఆగిపోతుంది. మరుసటేడు కట్టి మళ్లీ నిలబెట్టుకుంటాం. అలా పునరుద్ధరించిన రోజు నుంచి మూడేండ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. పదేండ్ల పాలసీ అని మనం అనుకుంటాం, చట్టం లెక్కలో అది నిన్నటి పాలసీ. ఏడాదికోసారి కట్టే పద్ధతి పెట్టుకొని, గడువు తేదీ పంట అమ్మిన తర్వాత వచ్చేలా చూసుకోండి. గడువు దాటినా ఏడాది ప్రీమియానికి 30 రోజుల వెసులుబాటు ఉంటుంది.

అదే సెక్షన్‌లో మనకు పనికొచ్చే మాట కూడా ఒకటి ఉంది. పాలసీ అమ్మడానికి వచ్చి మాట్లాడినవాడిని, ఆ ఒప్పందం కుదిరే వరకు కంపెనీ మనిషిగానే చూడాలని చట్టం అంటుంది. ఏజెంటుకు జబ్బు సంగతి చెప్పామని రుజువు చేయగలిగితే కంపెనీకి తెలిసినట్టే అని వాదించవచ్చు. నోటి మాటకు రుజువుండదు. షుగర్ రిపోర్టు జిరాక్స్ ఇచ్చి, ఇచ్చినట్టు ఫోన్‌లో మెసేజ్ పెట్టండి. పాలసీ పత్రంతో పాటు మనం నింపిన ఫారం నకలు వస్తుంది. చదువుకున్న పిల్లలతో ప్రతి జవాబూ చదివించండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి. పాలసీయే వద్దనుకుంటే 30 రోజుల్లో తిప్పి ఇచ్చే హక్కుంది.

క్లెయిమ్ కొట్టేశారని ఉత్తరం వస్తే దాన్ని దేవుడి రాతగా తీసుకోవద్దు. నడుము, వెన్నుపూస జబ్బు చెప్పలేదని గుండెజబ్బుతో పోయిన మనిషి క్లెయిమ్‌ను కొట్టేసిన కేసులో, 2015లో సుప్రీంకోర్టు కుటుంబం వైపే తీర్పు ఇచ్చింది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ ఉచిత నంబర్ 155255. పైన చెప్పిన ఆడబిడ్డ తరఫున మేం కాగితాలు సిద్ధం చేసి అంబుడ్స్‌మన్‌కు ఇచ్చాం.

పట్టా లేనివాళ్లు ఈలోగా ఒక పని చేయండి. బ్యాంకు ఖాతా ఉంటే 18 నుంచి 50 ఏండ్ల లోపువాళ్లు ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో చేరవచ్చు. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా, వైద్య పరీక్ష లేదు. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదంతో తప్ప ఇతర కారణంతో చనిపోతే సొమ్ము రాదు. యాభై లోపు చేరినవాళ్లు ఏటా కడుతుంటే 55 దాకా ఉంటుంది. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేక ఆగిపోతే ఆ 30 రోజుల షరతు మళ్లీ వర్తిస్తుంది. 2 లక్షలతో ఒక ఇల్లు నిలబడదని మాకూ తెలుసు. అయినా ఏమీ లేకపోవడం కంటే నయం.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది అడగాలి. 1995లో ఎల్‌ఐసీ కేసులో జస్టిస్ కె. రామస్వామి ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, ఒక టర్మ్ పాలసీని ప్రభుత్వ, పేరున్న సంస్థల జీతగాళ్లకే పరిమితం చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నెల జీతం లేదన్న కారణంతో మనిషిని బీమా గడప బయట నిలబెట్టడం తప్పయితే, పట్టా లేదన్న కారణంతో సాగుదారును నిలబెట్టడం ఎట్లా ఒప్పు అవుతుంది? 2022 ఆగస్టు 7న చేనేత కార్మికులకు 5 లక్షల బీమా మొదలుపెట్టినప్పుడు వాళ్లను భూమి అడగలేదు. పని చూశారు.

మా డిమాండ్లు మూడు. 2011 భూఅధీకృత సాగుదారుల చట్టం కింద కౌలు రైతులకు కార్డులిచ్చి, వాళ్లను, ఉపాధి హామీ కార్డున్న రైతు కూలీలను రైతుబీమాలో చేర్చాలి. వయసు పరిమితిని 59 దగ్గర ఆపకుండా పెంచాలి. బీమా ఫారాలు తెలుగులో ఇవ్వాలి, ఆరోగ్య ప్రశ్నలకు జవాబులు పాలసీదారు చేతితోనో, సాక్షి ముందో నింపాలని నియమం పెట్టాలి. ఈ మూడోది ఐఆర్‌డీఏఐ చేయాల్సిన పని. నాగోల్‌లో ఎక్కిన మెట్రో రాయదుర్గంలో ఆగుతుంది. దేశంలోని బీమా కంపెనీలన్నింటినీ అదుపు చేసే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడికి దగ్గరలోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. వినతిపత్రం పట్టుకొని ఆ మెట్రో ఎక్కుదాం.

అంతకు ముందు ప్రతి సభ్యుడూ ఇంట్లో ఉన్న పాలసీ పత్రాలు తీసి, ఆరోగ్య ప్రశ్నల పేజీ చూడండి. అనుమానం ఉంటే వచ్చే నెల సమావేశానికి పత్రాలు తీసుకొని రండి. కలిసి చదువుదాం.