టర్బోని తిట్టే ముందు బ్రీదర్ పైపు చూడండి

పాత డీజిల్ కారు. పదిహేనేళ్లు నిండాయి. వెనకాల నీలం పొగ. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య రెండు లీటర్ల ఆయిల్ తాగేస్తోంది. షెడ్డుకి తీసుకెళితే మేస్త్రీ బానెట్ ఎత్తుతాడు. టర్బో దగ్గరి రబ్బరు పైపు పీకి, లోపల వేలు పెట్టి చూపిస్తాడు. వేలంతా నల్లటి జిడ్డు. ‘టర్బో పోయిందన్నా’ అంటాడు. ‘ఎంతవుతాది?’ అని అడిగేసరికే యజమాని గొంతు ఎండిపోతుంది.

హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా పాత బండి పెట్టుకున్నవాళ్లకి ఈ మాట కొత్త కాదు. 2002లో వచ్చిన స్కార్పియో, 2005లో వచ్చిన ఇన్నోవా, 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్... తొలిరోజుల్లో కొన్న ఈ టర్బో బళ్లు ఇంకా చాలా ఇళ్లలో అన్నం పెడుతున్నాయి. టర్బో మార్చాలంటే వేలకి వేలు. ఇంజన్ విప్పాలంటే అంతకు మించి. అంత ఖర్చు పెట్టాక కూడా పొగ మళ్లీ వస్తే? అసలు తప్పు టర్బోది కానప్పుడు రాక ఏం చేస్తుంది!

ఇంజన్‌కీ ఊపిరాడాలి

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండర్‌ని నూటికి నూరుపాళ్లు మూయలేవు. మండిన గాలి కొంచెం రింగుల సందుల్లోంచి కిందికి, క్రాంక్ తిరిగే గదిలోకి దిగుతుంది. షెడ్డు భాషలో దీన్నే బ్లో-బై అంటారు. అందులో పొగ, నీటి ఆవిరి, ఇంధనపు ఆవిరి ఉంటాయి. లోపల చిమ్ముతున్న నూనె తుంపర కూడా దానికి తోడవుతుంది. ఈ గాలి బయటికి పోవడానికి ట్యాపెట్ కవర్ మీదనో, పక్కనో ఒక దారి ఉంటుంది. అదే బ్రీదర్. టర్బో డీజిల్ కార్లలో ఆ పైపు ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య కలుస్తుంది. టర్బో పీల్చేటప్పుడు ఆ గాలి కూడా లోపలికి పోయి కాలిపోతుంది. దారిలో నూనెని వేరుచేసి వెనక్కి పంపే చిన్న అర కూడా కంపెనీవాళ్లు పెడతారు.

ఏళ్ల తరబడి ఆ అర కడగకపోతే జిడ్డు పేరుకుని దారి ఇరుకవుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడే అసలు మెలిక ఉంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని తడిపిన ఆయిల్ ఏ పంపు సాయమూ లేకుండా దానంతటదే కిందికి జారి ఇంజన్‌లో పడాలి. కింద ఒత్తిడి ఉంటే అది జారదు. జారని ఆయిల్ టర్బో సీళ్లను దాటుకుని ఒకవైపు ఇంటర్‌కూలర్‌లోకి, మరోవైపు సైలెన్సర్‌లోకి కారుతుంది. పొగ వస్తుంది. టర్బో దొంగలా పట్టుబడుతుంది. అసలు దొంగ మూసుకుపోయిన బ్రీదర్ పైపు!

కోసి వదిలేస్తే సరా?

చాలా షెడ్లలో దీనికో చవక మందు ఉంది. బ్రీదర్ పైపు పీకేసి, కిందికి రోడ్డు మీదికి వేలాడదీయడం. ‘టర్బోలోకి నూనె పోదు, పైసా ఖర్చు లేదు’ అంటారు. ఆ మాటలో సగం నిజం ఉంది. జిడ్డు ఇంటర్‌కూలర్‌లోకి పోదు. మరి మిగతా సగం మాటేమిటి?

ఆ పైపులోంచి కారిన నూనె చుక్కలు రోడ్డు మీద పడతాయి. తొలి వానకి వెనకొచ్చే స్కూటరు జారుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వాసన కారులో కూర్చున్న పిల్లల ముక్కుకే తగులుతుంది. బళ్లారి వైపు గనుల ఎర్రదుమ్ములో, నీళ్లు నిలిచిన అండర్ బ్రిడ్జిల్లో ఆ తెరిచిన మూతి ఏం పీలుస్తుందో చెప్పక్కర్లేదు. పైగా ఇది కొత్త ఉపాయమేమీ కాదు, తాతలనాటి బండ్ల పద్ధతి. గాలి పాడవుతోందని 1961లోనే కాలిఫోర్నియా ఈ పొగని మళ్లీ ఇంజన్‌లోకే మళ్లించమని ఆదేశించింది. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సైలెన్సర్ మూతి దగ్గర మాత్రమే కొలుస్తారు. బానెట్ కింద వేలాడే పైపుని అడిగే నాథుడు లేడు. అడగరు కదా అని చేసేయవచ్చా?

డబ్బా బిగిస్తే చాలదు

కారంటే ప్రాణం పెట్టే కుర్రకారు ఇప్పుడు క్యాచ్ క్యాన్ అంటున్నారు. బ్రీదర్ నుంచి టర్బోకి పోయే దారి మధ్యలో బిగించే చిన్న డబ్బా అది. లోపలి జాలీకి తగిలి నూనె తుంపర చుక్కలై కింద నిలుస్తుంది, గాలి ముందుకి పోతుంది. పద్ధతిగా బిగిస్తే మంచిదే. ఈజీఆర్ మసికి నూనె తోడైతే మానిఫోల్డ్‌లో తారు ముద్ద కడుతుంది. డబ్బా దాన్ని తగ్గిస్తుంది.

కానీ లోపల జాలీ లేని ఖాళీ డబ్బా అలంకారానికే. పాత పైపు కంటే సన్నటి పైపు వేస్తే గొంతు నొక్కినట్టే. ఏ రబ్బరు పడితే ఆ రబ్బరు వేస్తే నూనెకి మెత్తబడి ముడుచుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, డబ్బా నిండకముందే వంపడం. మొదట్లో ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ చూసుకోవాలి. వంపినదాన్ని మళ్లీ ఇంజన్‌లో పోయకూడదు, కాలవలో పారబోయకూడదు. వాడిన ఆయిల్‌తో కలిపి షెడ్డులో ఇచ్చేయాలి. ఇంత ఓపిక లేనివాళ్లు డబ్బా జోలికి పోకుండా కంపెనీ ఇచ్చిన బ్రీదర్‌నే శుభ్రంగా ఉంచుకోవడం మేలు.

డబ్బా చేసే ఇంకో మేలు, అది నిజం చెబుతుంది. బ్రీదర్ శుభ్రంగా ఉన్నా, లెవెల్ సరిగ్గా ఉన్నా వారానికే నిండిపోతోందంటే రింగులు అరిగాయేమో చూడాలన్నమాట. రోగం రింగుల్లో ఉంటే డబ్బా మందు కాదు.

ముందు అడగవలసినవి

టర్బో విప్పమని చెప్పే ముందు యజమాని నాలుగు మాటలు అడగాలి. బ్రీదర్, దాని అర కడిగారా? ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి నూనెని గుంజుతోందా? ఆయిల్ లెవెల్ గీత దాటించి పోశారా? ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులుచేసి పెడితే ఎగిరెగిరి పడుతోందా? డీజిల్ ఇంజన్‌లో మూత కొంచెం అదరడం మామూలే. డిప్‌స్టిక్ దానంతటదే పైకి లేస్తోందంటే మాత్రం లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఇవన్నీ చూశాక కంప్రెషన్ పరీక్ష చేయించి, ఇరుసు ఆట చూపించి, అప్పుడు టర్బో మాట ఎత్తాలి.

యానాం లాంటి చిన్న ఊళ్లో బజారు దాకా వెళ్లొచ్చే కార్లది మరో తంటా. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరి నీరై ఆయిల్ మూత కింద పాలమీగడలా తెల్లగా కడుతుంది. అది చూసి ‘హెడ్ గ్యాస్కెట్ పోయింది’ అని బెదరగొట్టేవాళ్లున్నారు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గకపోతే ముందు ఓ అరగంట హైవే మీద నడిపి, తుడిచి, మళ్లీ చూడాలి.

అలాగని ఇదంతా చిన్న విషయమని వదిలేయడానికీ లేదు. ఇంటర్‌కూలర్‌లో నిలిచిన నూనెని డీజిల్ ఇంజన్ ఒక్కసారిగా పీల్చుకుంటే అదే ఇంధనమైపోతుంది. తాళం తీసినా ఆగదు, పగిలేదాకా అరుస్తుంది. కొండదారిలో, రాయగడ ఘాట్‌లో అలా జరిగితే?

మేస్త్రీలందరూ మోసగాళ్లని కాదు. చాలామంది పని షెడ్డులోనే నేర్చుకున్నారు. బండి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, బిల్లు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో ఉంటుంది. ఇంట్లో మాట్లాడే తెలుగులో ఈ సంగతి చెప్పేవాళ్లే లేరు. ఈ ఊళ్ల ఐటీఐలు ఏడాదికి ఒక్క ఆదివారం మేస్త్రీలనీ డ్రైవర్లనీ కూర్చోబెట్టి, ఒక పాత ఇంజన్ విప్పి, వాళ్ల భాషల్లో చూపిస్తే ఎంత బాగుంటుంది! టాక్సీ స్టాండు సంఘాలు అడిగితే కాదనేవాళ్లుండరు.

2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలకు పెరిగింది. పాత బండి ఇప్పటికే బరువు. వందల్లో పోయే పైపు పనికి వేలు పోసి టర్బో కొనే స్తోమత ఎవరికుంది? ఈసారి మేస్త్రీ వేలికి జిడ్డు చూపిస్తే భయపడొద్దు. ‘బ్రీదర్ చూశావా అన్నా?’ అని ఒక్క మాట అడగండి.