ఆ ఆరు రోజుల సంగతి చెప్పనిదెవరు?

పెళ్లయి ఏడాది తిరిగిందంటే హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా కోడలికి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ‘ఏమన్నా విశేషమా?’ రెండో ఏడు అడగడం మానేసి పొట్ట వైపు చూస్తారు. మూడో ఏడు సీమంతాలకు పిలవడం మానేస్తారు. ఆమె మట్టపల్లి నరసింహస్వామి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తుంది, జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మొక్కుకుంటుంది. తర్వాత కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట ఆసుపత్రులు. చివరికి హైదరాబాద్ బస్సు. ఈ దారి పొడవునా అందరూ ఆమెకు ఏదో ఒకటి చెబుతారు. నెలలో గర్భం నిలిచే రోజులు దాదాపు ఆరేనని, అవి ఆమెకు ఎప్పుడొస్తాయో లెక్క చూసుకోవచ్చని మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన రహస్యం కాదు. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందని జపాన్ వైద్యుడు ఒగినో 1924లోనే తేల్చాడు. విడుదలైన అండం బతికేది ఒక్క రోజు, ఒక్కోసారి అదీ ఉండదు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా ఉండగలవు. అందుకే అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు ఐదు రోజులూ కీలకం. అమెరికాలో విల్‌కాక్స్ బృందం 221 మంది స్త్రీలను గమనించి 1995లో ప్రకటించిన పరిశోధనలో గర్భాలన్నీ ఆ ఆరు రోజుల కలయికల వల్లే వచ్చాయి. అండం విడుదలయ్యాక కలిసినందువల్ల నిలిచిన గర్భం ఒక్కటీ కనిపించలేదు.

మన దగ్గర చెలామణిలో ఉన్న లెక్క వేరు. ‘పద్నాలుగో రోజు’ అన్న మాట ఎక్కడో విని అందరూ అదే పట్టుకుంటారు. అది ఇరవై ఎనిమిది రోజులకోసారి నెలసరి వచ్చేవారి లెక్క. ముప్పై ఐదు రోజులకు వచ్చే అమ్మాయికి అండం విడుదలయ్యేది ఇంచుమించు ఇరవై ఒకటో రోజున. ఆమె పద్నాలుగో రోజును నమ్ముకుంటే ప్రతి నెలా వారం ముందే ఆశపడి, అసలు రోజులు వచ్చేసరికి ఊరుకుంటుంది. ఇరవై ఆరు రోజులకే వచ్చే ఆమెకు పన్నెండో రోజుకే అండం విడుదలవుతుంది. నెలసరి క్రమంగా వచ్చేవారిలోనూ ఈ రోజులు అటూ ఇటూ జరుగుతుంటాయి కాబట్టి క్యాలెండర్ ఒక్కదాన్నే నమ్ముకోలేం.

శరీరం ఇంకో గుర్తు ఇస్తుంది. దాని విషయంలో జరుగుతున్న అన్యాయం మరీ బాధాకరం. అండం విడుదలకు ముందు రోజుల్లో స్త్రీకి పలుచని స్రావం అవుతుంది. కోడిగుడ్డు తెల్లసొనలా నిగనిగలాడుతూ, రెండు వేళ్ల మధ్య పట్టి లాగితే తెగకుండా తీగలా సాగుతుంది. వీర్యకణాలకు దారి ఇచ్చేదీ, వాటిని బతికించేదీ అదే. మన ఇళ్లలో దానికి పెట్టిన పేరు తెల్లబట్ట. ఒళ్లు నీరసించిపోతుందని భయపెడతారు. ఆమె చాటుగా మందుల షాపుకో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో వెళ్లి మాత్రలు తెచ్చుకుంటుంది. దురద, దుర్వాసన, రంగు మార్పు ఉంటే అది జబ్బే, డాక్టరుకు చూపించాల్సిందే. అవేవీ లేని సాగే తీగ మాత్రం ఆమె నెలంతా ఎదురుచూసిన కబురు. ఆ కబురును రోగమని నమ్మించిన పాపం, నోరు విప్పి చెప్పని మనందరిదీ.

సమయం సంగతి మన పెద్దలకు పట్టనిదేం కాదు. ఋతుకాలం పదహారు రాత్రులని ధర్మశాస్త్రాలు రాశాయి. ఆషాఢంలో గర్భం నిలిస్తే పురుడు చైత్ర వైశాఖాల ఎండల్లో పడుతుందని కొత్త కోడలిని పుట్టింటికి పంపేవారు. అయితే ఆ లెక్కలోనే సరి రాత్రులు కొడుకుకు, బేసి రాత్రులు కూతురికి అన్న మాటా దూరింది. దానికి శాస్త్రాధారం ఏమీ లేదు. ఇప్పటికీ ముహూర్తాల పేరుతో ఆ మాట చెప్పేవారున్నారు. ఆరు రోజుల్లో సగం వదిలేసుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఈ అజ్ఞానానికి మొదటి బాధ్యత ప్రభుత్వానిదే. ప్రపంచంలోనే ముందుగా 1952లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది. ఎర్ర త్రికోణం ప్రతి గోడకూ ఎక్కింది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం గడపగడపకూ తిరిగి అర్హులైన దంపతుల రిజిస్టర్ రాశారు. కాపర్‌టీయా, మాత్రలా, ఆపరేషనా అని అడిగారు. పిల్లలు వద్దనుకునేవారికి ‘సేఫ్ పీరియడ్’ బోధించిన వ్యవస్థకు, పిల్లలు కావాలనుకునేవారికి ఆ లెక్కనే తిరగేసి చెప్పాలని డెబ్బై ఏళ్లుగా తోచకపోవడం క్షమించరానిది.

తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జనాభా నిలదొక్కుకునే 2.1 కన్నా అది తక్కువ. పక్క రాష్ట్రంలో ఎక్కువ మందిని కనండని ముఖ్యమంత్రే పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. ఒక్క బిడ్డ కోసం ఐదేళ్లుగా ఏడుస్తున్న ఇంటికి ఈ పిలుపులు ఏం చేస్తాయి? గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభించారు, మంచిదే. కానీ హుజూర్‌నగర్ నుంచి గాంధీకి వెళ్లేలోపు చెప్పాల్సిన మాటలు హుజూర్‌నగర్‌లోనే చెప్పాలి.

చెప్పేవారు లేని చోట అమ్మేవారు వస్తారు. ఉచిత శిబిరాల ఫ్లెక్సీలు చూస్తూనే ఉన్నాం. వెళ్లిన దంపతుల్లో చాలామందికి ముందు దక్కేది రోజు విడిచి రోజు స్కాను, అండం పెరగడానికి మాత్రలు, ఆపై ‘రేపూ ఎల్లుండీ కలవండి’ అన్న సలహా. అంటే ఆ ఆరు రోజులే, వేల రూపాయల బిల్లుతో. అవసరమున్నవారికి స్కాను వైద్యమే. అవసరం లేనివారికి దోపిడీ. ఈ ఆశ ఎంత దూరం తీసుకెళ్తుందో 2025 జూలైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు చూపించింది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డేనని అప్పగించిన పసికందు డీఎన్ఏ ఆ దంపతులతో సరిపోలలేదు.

మగవారినీ వదిలిపెట్టలేం. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్షకు అయ్యే ఖర్చు కొన్ని వందలే. అయినా భార్యకు ట్యూబుల పరీక్ష దాకా చేయించిన భర్త తన సీసా ల్యాబ్‌లో ఇవ్వడానికి మాత్రం పరువు అడ్డం పెట్టుకుంటాడు. ‘గొడ్రాలు’ అన్న మాట ఉన్నంత సులువుగా మగవాడిని తిట్టే మాట మన నోట రాదు.

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు బట్టీలు రాత్రీ పగలూ ఆగవు, షిఫ్టులు మారుతుంటాయి. జాతీయ రహదారి మీద లారీ నడిపే భర్త ఇంటికొచ్చేది నెలకు నాలుగైదు రోజులు. ఆ నాలుగు రోజులు ఆరు రోజుల్లో పడకపోతే ఏడాదంతా కాపురం చేసినట్టే ఉంటుంది, కడుపు పండదు. ఈ జంటలకు సమయం తెలియడం అన్నిటికన్నా ముఖ్యం. రోజూ ఒకే ఇంట్లో ఉండేవారికి ఇంత లెక్క అక్కర్లేదు. నెలసరి ఆగినప్పటి నుంచి రెండు రోజులకోసారి కలిస్తే చాలు. క్యాలెండర్ చేతపట్టుకుని భార్యాభర్తల బంధాన్ని డ్యూటీగా మార్చుకుంటే మిగిలేది భయమే.

రోజులు తెలిసినంత మాత్రాన అందరికీ పిల్లలు పుడతారని మేం అనడం లేదు. అన్నీ బాగున్న జంటకు కూడా ఒక నెలలో గర్భం నిలిచే అవకాశం మూడో వంతుకు మించదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చే పీసీఓఎస్ అమ్మాయికి లెక్క అసలు కుదరదు, ఆమె ఆగకుండా డాక్టరును కలవాలి. మిగిలినవారు ఏడాది ప్రయత్నించాక, ముప్పై ఐదు దాటినవారు ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఇద్దరూ కలిసి అన్నది గీత గీసి చెబుతున్నాం.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఏరియా ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక పూట కొత్త దంపతులకు కేటాయించాలి. ఒక నర్సు, ఒక గోడ క్యాలెండర్, తలుపు వేసుకోగల ఒక గది ఉంటే సరిపోతుంది. భర్త వీర్య పరీక్ష అక్కడే ఉచితంగా జరగాలి, భార్యను స్కానుకు పంపేముందే జరగాలి. సూర్యాపేటలో వైద్య కళాశాల ఉంది, దానికి ప్రసూతి విభాగం ఉంది. ఈ పనికి సిబ్బందిని తయారు చేయడానికి జిల్లా వైద్యాధికారి ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు ఈ నెలలోనే రావాలి.