యంత్రం మిగిలింది, హెచ్చరిక పోయింది

హెచ్.జి. వెల్స్ 1895లో ‘ది టైమ్ మెషీన్’ నవల ప్రచురించాడు. అందులో కాలయంత్రం వాహనం మాత్రమే. అసలు విషయం ఎనిమిది లక్షల సంవత్సరాల తరువాత రెండుగా చీలిన మానవజాతి: ఎండలో ఆడుకునే సుకుమారులు ఎలోయ్‌లు, భూగర్భంలో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. కలవారికీ శ్రామికులకూ నడుమ అగాధాన్ని పూడ్చకపోతే ఏమవుతుందో చెప్పిన హెచ్చరిక అది. 1960 నాటి హాలీవుడ్ చిత్రం ఆ చీలికకు కారణం యుద్ధమన్నది. 2002లో రచయిత మునిమనుమడు సైమన్ వెల్స్ తీసిన చిత్రం చంద్రుడు బద్దలవడమే కారణమన్నది. తెరమీద యంత్రం తళతళలాడింది, హెచ్చరిక మాయమైంది. మన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ కోసం కాలయంత్రాన్ని తెచ్చుకుని సొంత కథ చెప్పారు. అందులో తప్పు లేదు. మూలం పేరు పెట్టుకుని మూలాన్ని పారవేయడమే అన్యాయం.

ఆరోగ్యం గురించి రాసేవాడికి సినిమాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నివారణ వైద్యానికి మనం చేసినది ఇదే కనుక!

రోగం రాకముందే ఆపాలనీ, పల్లెకు చేరువలో ఆరోగ్య కేంద్రం ఉండాలనీ భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన సురక్షితమైన నీటినీ, పోషకాహారాన్నీ, టీకాలనూ వైద్యంలో భాగం చేసింది. ఆ మూలాల నుంచి మనం తీసిన చిత్రంలో కనిపించేవి కార్డు, స్కానింగు, శస్త్రచికిత్స. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది, కాదనను. కానీ పేరులో ఆరోగ్యం ఉన్నా, ఖర్చు ప్రధానంగా రోగం ముదిరిన తరువాతనే.

కనిగిరి, పొదిలి, దర్శి మెట్టప్రాంతాన్ని చూడండి. ఇవి పూర్వం నెల్లూరు జిల్లాలోవి. ఆ జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదని వైద్యులు 1937లోనే రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము మించకూడదు, గత్యంతరం లేనిచోట ఒకటిన్నర. కాచినందువల్ల అది పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఒకసారి వంగిన వెన్నును ఏ శస్త్రచికిత్సా పూర్వస్థితికి తేలేదు. అక్కడ కార్డు ఏం చేయగలదు? మంచినీరే మందు.

గుంటూరు మిరప, పత్తి చేలల్లో మందు కొట్టే కూలీల సంగతి చూడండి. ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఒంట్లో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి. చిన్న రక్తపరీక్షతో అది బయటపడుతుంది. తగ్గినవారిని కొన్ని వారాలు పిచికారీ పనికి దూరంగా ఉంచితే కోలుకుంటుంది. విషం తలకెక్కి పడిపోయాక వెంటిలేటర్ వెతకడం కంటే ఇది ఎంత చవక!

డబ్బు లేదన్న వాదన నిలవదు. రక్తపోటు మాత్రలకు డబ్బు లేదనే వ్యవస్థ, అదే రక్తపోటు మూత్రపిండాలను పాడుచేశాక డయాలిసిస్‌కు చెల్లిస్తూనే ఉంది. నివారణకు రిబ్బను కత్తిరించే వేడుక లేదు. రాని పక్షవాతం ఫొటోలో పడదు. అసలు చిక్కు అదే.

సినిమా నచ్చకపోతే మధ్యలో లేచి రావచ్చు. తాగే నీటి నుంచి లేచి రాలేము. అందుకే ఈసారి గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలు అడగండి. మన నీటిలో ఫ్లోరైడ్ ఎంత? ముప్ఫై దాటిన ఎందరికి ఈ ఏడాది రక్తపోటు, చక్కెర పరీక్షించారు? మందు కొట్టే కూలీలకు రక్తపరీక్ష ఎప్పుడు? జవాబు కాగితం మీద ఇవ్వమనండి.